తిన్నగా వెళ్తే చమేలా

డోన్ ఎర్కులానోకు తెలిసిన దారిని అడిగే జబ్బుంది. తెలియని దారి అడిగేవాళ్ళు లోకం నిండా ఉన్నారు, వాళ్ళ గురించి రాయడానికేమీ లేదు. ఈయన ముప్పై ఏళ్ళు తాను బస్సు తోలిన దారిని, ఏ గుంత ఏ వానకు పడిందో కూడా తెలిసిన దారిని, కిటికీలోంచి తల బయటపెట్టి "అయ్యా, చమేలాకి ఇటేనా?" అని అడిగేవాడు. ఔత్లాన్‌లో బయల్దేరి, కొండలు దిగి, సముద్రం పక్కనే చమేలా దాకా వెళ్ళే ఆ బస్సులో కొత్తగా ఎక్కినవాళ్ళు ఆ ప్రశ్న వినగానే గుండెల మీద శిలువ గీసుకునేవారు. పాతవాళ్ళు ఇటునుంచి అటు తిరిగి పడుకునేవారు.

ఇక మా తీరం జనం సంగతి. దారి అడిగినవాడికి "తెలియదు" అని చెప్పడం మాకు చేతకాదు. గుమ్మంలోకొచ్చిన మనిషికి మంచినీళ్ళివ్వకుండా తలుపేసుకోవడం ఎంత తప్పో మాకు అదీ అంతే. అందుకని తెలిసినా తెలియకపోయినా ఏదో ఒకటి చెబుతాం. ఏమీ తోచకపోతే "తిన్నగా" అంటాం. కొండకూ కడలికీ మధ్య మా రోడ్డు పడని మెలిక లేదు, అయినా మా దగ్గర ఏ ఊరికైనా దారి తిన్నగానే. అడగడం జబ్బైన మనిషికీ చెప్పడం జబ్బైన జనానికీ మధ్య నలిగిపోయింది మాత్రం ఆయన భార్య డోన్యా ఒతీలియా.

ఇంట్లోనూ ఆయన తీరు అదే. భోజనానికి కూర్చుంటాడు. ఉప్పు గిన్నె చేతికి తగులుతూ ఉంటుంది. "ఒతీ, ఉప్పెక్కడుంది?" అంటాడు. "నీ ముక్కు కింద" అంటుంది ఆవిడ. "ఏ పక్క?" అంటాడు. ఉప్పు గొడవ ఒకప్పుడు లేదు, ఈ మధ్యనే మొదలైంది. వయసు పైబడింది, మతి పోతోందని ఆవిడ మొక్కుకోని పునీతుడు లేడు.

ఒతీలియా కుట్టుపని మనిషి. ఔత్లాన్‌లో పదిహేనో పుట్టినరోజుకు తయారయ్యే ప్రతి ఆడపిల్లా ఆవిడ కుట్టిన గౌనే వేసుకునేది. ఆవిడ మిషను దగ్గరుంటే ఆయన బస్సు దిగి వచ్చి చమేలా కబుర్లు చెప్పేవాడు. సాయంత్రం సూర్యుడు దీవుల వెనక్కి దిగుతుంటే నీళ్ళన్నీ ఎర్రటి జమైకా పూల షర్బత్ రంగులోకి తిరుగుతాయనేవాడు. చూద్దువుగాని పద అనేవాడు. ఆవిడేమో ఈ గౌను అవనీ, ఆ గౌను అవనీ అంటూ గడిపేసింది. ఒకరోజు సూదిలో దారం ఎక్కలేదు. మర్నాడూ ఎక్కలేదు. కళ్ళకు మసకలు కమ్మాయన్నారు. మిషను మీద గుడ్డ కప్పేసింది. కొన్నాళ్ళకు ఆయనా బస్సు దిగిపోయాడు.

అప్పుడు ఆయనే అన్నాడు, మన పాత వోచో కారులో వారం రోజులు తీరం వెంబడి తిరిగొద్దామని, తొందరేం లేకుండా, ఎక్కడ బుద్ధి పుడితే అక్కడ ఆగుతూ. ఆవిడ ఒప్పుకుంది గానీ ఒక మాట ముందే చెప్పింది.

"నాకు హోటళ్ళొద్దు, పడవ షికార్లొద్దు. ఒక్క సాయంత్రం ఇసకలో కూర్చుని సూర్యుడు దిగడం చూడాలి. ఈ కళ్ళు ఇంకా పనిచేస్తుండగానే చూడాలి."

"చూపిస్తా. చమేలాకి ఎటెళ్ళాలో కనుక్కుంటా," అన్నాడాయన.

ఒతీలియా తల పట్టుకుంది.

కనుక్కోవడానికి నెల పట్టింది. తీరంలో తిరిగిన లారీవాళ్ళు వీధికి నలుగురున్నారు, వాళ్ళ జోలికి పోలేదు. మంగలి తాచో దగ్గరికి వెళ్ళాడు. చేతులు వణుకుతున్నాయని తాచో దుకాణం ఎప్పుడో మూసేశాడు, ఔత్లాన్ దాటి ఎరగడు. అయినా నేల మీద సుద్దముక్కతో పటం గీశాడు. చెయ్యి వణుకు వల్ల మెలికలు మాత్రం అచ్చం రోడ్డులాగే వచ్చాయి. తర్వాత చర్చి పక్కన తమాలెలు, అవే మా మొక్కజొన్న పిండి పొట్లాలు, అమ్మే విధవరాలి దగ్గర కూర్చున్నాడు. ఆవిడ సముద్రాన్ని క్యాలెండరులో చూసింది. తిన్నగా వెళ్ళమంది. ఆపైన బడిపంతులుగా చేసి మానేసిన డోన్ ఉబాల్దో. ఆయనకు బ్రహ్మచెవుడు. చమేలాను కనేలా, అంటే దాల్చినచెక్క, అని విని, అది కావాలంటే సందు చివర కిరాణా కొట్టుందని దారి చెప్పాడు. ఎర్కులానో బుద్ధిగా వెళ్ళి దాల్చినచెక్క కొనుక్కొచ్చాడు. వారం రోజుల ప్రయాణానికి ఇంట్లో జరిగిన ఏర్పాటు అదొక్కటే.

మొత్తానికి కదిలారు. బస్సు ఒక పూటలో దాటే దూరాన్ని వారం రోజులకు సాగదీయడం మాటలు కాదు, ఎర్కులానో సునాయాసంగా సాగదీశాడు. మెలాకేలో సాయంత్రం ఇసక మీదికి నడుస్తుంటే గోడ వారగా వలలు బాగుచేసుకుంటున్న ముసలాయన కనబడ్డాడు. సముద్రం ఆయన వెనకే, ఇరవై అడుగుల్లో ఘోషిస్తోంది.

"అయ్యా, సముద్రానికి ఇటేనా?" అని అడిగాడు ఎర్కులానో.

ముసలాయన వల పక్కన పెట్టి, లేచి, చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పడం పూర్తయ్యేసరికి సూర్యుడు లేడు.

లా మన్సానియాలో మొసళ్ళ మడుగు దగ్గర ఓ ముసలమ్మను పట్టుకున్నాడు. ఒకప్పుడు సినిమా హాలుండేది చూడు, అక్కడ ఎడమకు తిరగమందావిడ. సినిమా హాలు తుఫానులో పోయింది కాబట్టి అది ఎక్కడుండేదో చూపించడానికి వెంట వచ్చింది. ముగ్గురూ లేని హాలు చూసి తిరిగొచ్చేసరికి ఒడ్డున చీకటి, మడుగులో మొసళ్ళు మాత్రం నింపాదిగా ఉన్నాయి. వాటికి సూర్యాస్తమయం దక్కింది.

ఇంకో ఊళ్ళో పెద్ద వయసు గ్రింగో, అంటే పరదేశపు తెల్లదొర, ఒకడు బెంచీ మీద ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. ఎర్కులానో అడగ్గానే ఫోను తీసి పటం చూపించబోయాడు.

"నేను ఫోన్ని అడగలేదు బాబూ, నిన్నడిగాను," అన్నాడు ఎర్కులానో.

గ్రింగో అటూ ఇటూ చూశాడు. ఎండకు కందిన ముఖంతో కాసేపు ఆలోచించాడు. చివరికి చెయ్యి చాపి, "తిన్నగా," అన్నాడు. ఎన్నాళ్ళుగా ఉంటున్నాడో గానీ అప్పటికే మావాడైపోయాడు. వాళ్ళిద్దరూ చెరో గ్లాసు తూబా, అదే మా తియ్యటి కొబ్బరి కల్లు, వేరుశనగ పప్పులు వేసుకుని తాగుతుండగా ఆ రోజు సూర్యుడూ వెళ్ళిపోయాడు.

ఒతీలియా అప్పటిదాకా పళ్ళబిగువున ఓర్చుకుంది. ఆ రాత్రి ఇక ఓర్చుకోలేదు.

"నువ్వు తిన్నగా ఉంటే రోడ్డు కూడా తిన్నగా ఉండేదయ్యా. రేపొక్కరోజే మిగిలింది. రేపు ఎవర్నన్నా దారి అడిగావంటే అక్కడే దిగిపోయి బస్సెక్కి ఔత్లాన్ పోతాను."

"ఏ బస్సు? ఎక్కడాగుతుంది?" అని అడిగాడాయన.

మర్నాడు ఆయన నోరు మెదపలేదు. పొద్దున్నుంచి ఎందరో మనుషులు, ఎన్నో అరుగులు, పాపం అన్నీ చూస్తూ దాటేశాడు. ఎండ పసుపెక్కే వేళకు రోడ్డు వారనే లాస్ పాల్మితాస్ అనే చిన్న ఊరొచ్చింది. అక్కడికి రాగానే కారు దానంతటది నెమ్మదించినట్టు నెమ్మదించింది. ఒతీలియా ఆయన నోటివైపు చూసింది.

"ఒక్కరినే. ఇక్కడ ఒక్కరినే అడుగుతా ఒతీ," అన్నాడు. ఆ గొంతు రోజూ వినే గొంతులా లేదు.

తాటాకు పంచ కింద కుర్చీలో ఒక ముదుసలి కూర్చున్నాడు. తెల్ల చొక్కాకు మెడ దాకా బొత్తాలు పెట్టుకుని, తల తడిపి దువ్వుకుని, పెళ్ళివారి కోసం ఎదురుచూస్తున్నట్టున్నాడు. ఎర్కులానో కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"అయ్యా, చమేలాకి ఇటేనా?"

ముదుసలి ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. చూసి, నోరు వెళ్ళబెట్టాడు.

"నువ్వా? ఇంకా చేరలేదా నువ్వు?"

ఎర్కులానో దిగి దగ్గరికి వెళ్ళాడు. ముదుసలి ఆయన చెయ్యి పట్టుకుని, బస్సేమైందనీ, ఇన్నాళ్ళూ ఎక్కడ తిరిగాడనీ, తిండీ తిప్పలూ ఎలా గడిచాయనీ వాకబు చేస్తుంటే, లోపల్నుంచి ఆయన కూతురు చెలో వచ్చింది. కారులో ఉన్న ఒతీలియాను చూసి, మీరు డ్రైవరుగారి భార్యా అని అడిగింది. తర్వాత గొంతు తగ్గించి సంగతంతా చెప్పింది.

ఆ ముదుసలి డోన్ ఫిదెన్సియో కొబ్బరిచెట్లెక్కే మనిషట. చెట్టు మీంచి పడి నడుం పోయింది. మంచాన పడి, గోడవైపు తిరిగి, తిండి మానేశాడు. ఎవరు పలకరించినా పలకలేదు. ఒకరోజు బస్సు ఇంటి ముందాగింది. డ్రైవరు కిటికీలోంచి చమేలాకి దారి అడిగాడు. గదిలో ఉన్నవాణ్ణి అడిగాడు, పంచలో ఉన్న ఆడవాళ్ళని కాదు.

"నాన్న వెంటనే లేచారమ్మా," అంది చెలో. "బస్సు నడిపేవాడికి దారి తెలియకపోవడమేంటని తిట్టుకుంటూ లేచారు. గోడ పట్టుకుని గుమ్మంలోకొచ్చి చెయ్యి చూపించారు. మర్నాడు మళ్ళీ అడిగారు మీ ఆయన. ఆ మర్నాడూ అడిగారు. ఇక రోజూ బస్సు వేళకి గడ్డం గీసుకుని కూర్చోవడమే. నేను చెప్పకపోతే ఆ తెలివితక్కువవాడు జనాన్ని ఏ గుంతలో పడేస్తాడో అనేవారు. కిందటేడు బస్సుకి కొత్తాయనొచ్చాడు, ఆగడు, అడగడు. పాపం అతను దారి తప్పాడు, ఎక్కడున్నాడో, అని అప్పట్నుంచీ ఒకటే దిగులు."

ఒతీలియా పంచవైపు తిరిగి చూసింది. చేతులు వణికే మంగలి, సముద్రం చూడని విధవరాలు, చెవిటి పంతులు, బెంచీ మీద గ్రింగో, అందరూ వరసగా గుర్తొచ్చారు. వీళ్ళను ఇంకెవరూ ఏమీ అడగరు. ఆపైన ఉప్పు గిన్నె గుర్తొచ్చింది. ఆ గొడవ మొదలైంది తాను మిషను మీద గుడ్డ కప్పేసిన ఏడాదే. ఇన్నాళ్ళూ మతి పోయిందనుకుని పునీతులందరినీ విసిగించినందుకు ఆవిడకు సిగ్గేసింది. మరుక్షణం మొగుడి మీద కోపం కూడా వచ్చింది, చెప్పి ఏడవచ్చుగా అని.

అటు పంచలో ఫిదెన్సియో దారి చెప్పడంలో మునిగిపోయాడు. లారీ బోల్తాపడ్డ చోటు దాటాలి, ఎండిపోయిన సీమచింత చెట్టు దగ్గర కుడికి తిరగాలి. కొబ్బరిచెట్ల నీడలు రోడ్డు దాటి సాగుతున్నాయి. ఎర్కులానో ఒక కన్ను సూర్యుడి మీద, ఒక కన్ను భార్య మీద పెట్టి, మధ్యలో తుంచలేక, పూర్తిగా వినలేక నలిగిపోతున్నాడు. ఒతీలియా సూర్యుణ్ణి చూసింది. ఒక నిట్టూర్పు విడిచి కారు దిగింది.

"పెద్దాయనా, ఈయనకి ఒకసారి చెబితే ఎక్కదు," అంది. "నాకు మొదట్నుంచీ చెప్పండి. సీమచింత దాటాక ఎటు?"

ఫిదెన్సియో కుర్చీలో నిటారుగా కూర్చుని మొదట్నుంచీ చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు. ఆవిడ చేత అప్పజెప్పించుకున్నాడు. బయల్దేరేటప్పుడు చెలో అరిటాకులో వేయించిన చేప, నిమ్మచెక్కలు, తోర్తియాలనే మొక్కజొన్న రొట్టెలు, సీసా మూతలో కాస్త ఉప్పు కట్టి ఇచ్చింది.

కాస్త దూరం పోయాక రోడ్డు వంపు తిరిగే చోట ఎర్కులానో కారు ఆపాడు. ఆయనకు తెలుసు, చమేలా ఇంకా చాలా దూరం, ఇవాళ్టికి అందదు. అయినా తల తిప్పి అడిగాడు.

"ఒతీ, ఎటు?"

ఆవిడ పుట్టి బుద్ధెరిగి ఈ చోటు చూడలేదు. కానీ ఆవిడా ఈ తీరం మనిషే, తెలియదని ఎలా చెబుతుంది?

"తిన్నగా," అంది.

తిన్నగా రోడ్డే లేదు. కొబ్బరితోటలోకి పోయే బండిజాడ ఉంది. ఎర్కులానో ఆ జాడను చూశాడు, భార్యను చూశాడు, గేరు మార్చి తిన్నగా పోనిచ్చాడు. మట్టలు కిటికీలను కొట్టాయి, గుంతలకు ఒతీలియా తల పైకప్పుకు తగిలింది, చివరికి కారు ఇసకలో చక్రాల సగం దాకా దిగబడి ఆగిపోయింది. ఎదురుగా సముద్రం. సూర్యుడు ఇంకా నీళ్ళను తాకలేదు.

ఇద్దరూ ఇసకలో కూర్చున్నారు. మసక కళ్ళకు సూర్యుడు అంచులు చెదిరి మామూలు కంటే పెద్దగా కనిపించాడు. నీళ్ళు నిజంగానే జమైకా పూల షర్బత్ రంగులోకి తిరిగాయి. ఆవిడకు పట్టలేనంత సంతోషం కలిగింది, దాచుకోను కూడా లేదు.

"చమేలా ఇదేనా?" అని అడిగాడాయన కాసేపటికి.

"ఇదే."

"మరి దీవులేవి?"

"ఇవాళ సెలవు," అంది.

ఆయన మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాడు. కారును ఇసకలోంచి ఎలా లాగాలో రేపు ఎవర్నో ఒకర్ని అడగొచ్చు, దానికి మాత్రం ఆయనకు ఏ బెంగా లేదు. ఆవిడ అరిటాకు విప్పింది. తోర్తియాలో చేపముక్క పెట్టుకుని ఎర్కులానో చుట్టూ చూశాడు. సీసా మూత ఆయన మోకాలికి ఆనుకుని ఉంది.

"ఒతీ, ఉప్పెక్కడుంది?"

ఒతీలియా తొందరపడలేదు. పావడా అంచు సర్దుకుని, పంచలో కుర్చీలో కూర్చున్న మనిషిలా నిటారుగా కూర్చుని, చెయ్యి చాపింది.

"ముందు ఆ నిమ్మచెక్క దాటు. ఇందాకటి దాకా చేప తోకుండేది చూడు, అక్కడ ఎడమకి తిరుగు. ఆపైన తిన్నగా."