నారుతో వచ్చిన నత్తలు

“ఈ నత్తల్ని నా పొలంలకు తెచ్చింది నువ్వేనా?”

యాసంగి నాటు వేసిన వారానికే మొక్కలు మొదలు తెగి నీళ్లలో తేలుతుంటే, లక్ష్మీరాజం ఒడ్డు మీద నిలబడి కళను నిలదీశాడు. ఎల్లారెడ్డి దగ్గరి తండాలో నాట్లు వేసే ఆడవాళ్ల గుంపును నడిపేది కళ. ఊళ్లల్లో ఎకరానికింతని గుత్త మాట్లాడేదీ, కూలి పంచేదీ ఆమే. అవునంటే పనులన్నీ పోతాయి. గుంపులోని మోతి గొంతు తగ్గించి, “అక్కా, లేదనరాదే! నత్తకు తినే నోరే గని సాక్ష్యం చెప్పే నోరున్నదా?” అంది.

కానీ కళకు గుర్తుంది. పోయిన వానాకాలం లక్ష్మీరాజానికి నారు చాలలేదు. ఆయన చెబితేనే తాడ్వాయిలో ఒక రైతుకు మిగిలిన నారు కట్టలు ఆటోలో వేసుకొచ్చింది. వాడిపోకుండా ఆ రాత్రి ఈ పొలం కాలువలోనే నిలబెట్టింది. తాడ్వాయిలో ఆ నారుమడి గట్టున గులాబీ రంగు గుడ్ల గుత్తులు చూసింది. పీకుతుంటే నారు వేళ్ల మధ్య చిన్న నత్తలూ తగిలాయి. నత్తే కదా అనుకుంది. మన చెరువు నత్తకు భయపడిన రైతును ఆమె ఎన్నడూ చూడలేదు మరి. ఇవి పరాయి దేశపువి. లేత వరి కనిపిస్తే వదలవు. అప్పుడు వచ్చినవి కొన్నే, యాసంగికి కాలువ నిండా పెరిగాయి.

మిగిలిన నారు అమ్మకూడదు, అడిగినవాడికి లేదనకూడదు. దీన్ని మన దగ్గర ధర్మం అంటారు. పుణ్యం ఇచ్చినవాడికి దక్కింది, నత్తలు పుచ్చుకున్నవాడికి.

“నేనే తెచ్చిన, పటేలా. నువ్వు తెమ్మంటేనే తెచ్చిన. తెలిస్తే తేకపోతుంటి.”

“నేను నారు తెమ్మన్న. నత్తలు తెమ్మన్ననా?”

ఆయన వేరే గుంపుతో మళ్లీ నాటు వేయించుకున్నాడు. ఈ మాట పాకి, కళకు మరో రెండు ఊళ్ల గుత్తలు జారిపోయాయి.

ఇప్పుడు ఆమె గుంపు ఒకరి నారు ఇంకొకరి పొలానికి మోయదు. ఆ పొలంలోనే పెంచిన నారు వేళ్లు కూడా తొట్టిలో జాడించి, రాలిన నత్తలను గట్టు మీద తొక్కేశాకే మడిలో దిగుతుంది.

“నారుకు గూడ మడి కట్టినవా, కళా?” అని రైతులు ఎగతాళి చేస్తారు.

“నవ్వుండ్రి పటేలా. నాటు తేలినంక నవ్వనీకి రాదు.”

నిజం చెప్పినందుకు ఊరు ఆమెను మెచ్చుకుందని రాస్తే బాగుంటుంది. మెచ్చుకోలేదు. కళ గుంపు వేసి, నత్తలు తినేసిన ఆ రెండెకరాల నాటు గుత్త పన్నెండు వేలు లక్ష్మీరాజం ఇంకా ఇవ్వలేదు.