నెలవంకకు వేసిన కేబుల్

నాంపల్లి స్టేషన్ వెనక సందులో, లిఫ్టు లేని బిల్డింగులో, ఆఖరి అంతస్తు నాది. కింద నన్ను పలకరించినవాళ్లు, నేను మెట్లన్నీ ఎక్కి తాళం తీసేసరికి ముసలివాళ్లయిపోయి ఉంటారని నా అంచనా. మా పైన ఇక డాబాయే. దాని తాళంచెవి నా దగ్గర భద్రంగా ఉంటుంది. అంత ఎత్తుకు వచ్చి దొంగతనం చేసే ఓపిక హైదరాబాదులో ఏ దొంగకూ లేదు.

ఆ డాబా మీదికి ఏడాదికి ఒక్క సాయంత్రం జనం వచ్చేవారు. రంజాన్ నెల చివర, ఉపవాసం విడిచాక, పండగ నెలవంక కనిపిస్తుందేమో చూడటానికి. మా బిల్డింగులో సగం ఇళ్లు ముస్లింలవి. మిగతా సగం పాలమూరు నుంచీ, మాలాగా కృష్ణా నుంచీ వచ్చినవాళ్లవి. చంద్రుడి విషయంలో వాటాలు లేవు గనక అందరూ ఎక్కేవారు. నా భార్య డాబా ఊడ్చి, నీళ్లు చల్లి, చాపలు పరిచి, షర్బత్తు కలిపేది. ఆవిడ పంచదార చేతికి మొక్కాలి, చీమలు ముందురోజు నుంచే మెట్ల మీద బారులు తీరి టోకెన్లు తీసుకునేవి.

ఆవిడ పోయాక మొదటి రంజాన్‌కు ఎవరూ రాలేదు. నన్ను ఇబ్బంది పెట్టకూడదని పక్క బిల్డింగు డాబా ఎక్కారు. రెండో ఏడూ అంతే. అంత మర్యాద తెలిసిన ఇరుగుపొరుగు పగవాడికి కూడా వద్దు. అవతల డాబా మీద వాళ్ల తలలన్నీ వరసగా కనబడుతుంటే, నేను మా నీళ్ల ట్యాంకు వెనక నిలబడి అదే చంద్రుణ్ణి దొంగచాటుగా చూశాను.

మూడో ఏడు నేను టెలిస్కోపు కొన్నాను. ఖగోళశాస్త్రం మీద ప్రేమ అని ఆఫీసులో చెప్పాను. అదేం కాదు. ఉత్త చంద్రుడి కోసం మా మెట్లు ఎక్కనివాళ్లు, గొట్టంలో చంద్రుడి కోసమైనా ఎక్కుతారని ఆశ.

టెలిస్కోపులో గొట్టం ఉత్త పెళ్లికొడుకు. ఖర్చూ బరువూ అంతా దాన్ని మోసే మోటార్ల పీఠానిది. కంప్యూటర్లో చంద్రుడి పేరు మీద నొక్కితే, ఆ పీఠం తనంతట తానే తిరిగి గొట్టాన్ని చంద్రుడికి గురిపెట్టి, ఆయన కదులుతున్నకొద్దీ వెంట నడుస్తుంది. నేను కొన్నది వాడినది. ఏనుగుపిల్లంత బరువు, పైకి చేర్చిన రాత్రి నా వెన్నెముక నాతో మాట్లాడటం మానేసింది. దానికి పాతకాలపు కేబుల్ రంధ్రం ఉంది, నా ల్యాప్‌టాప్‌కు ఇప్పటి యూఎస్‌బీ రంధ్రం ఉంది. రెంటినీ కలపాలంటే మధ్యలో ఒక మార్పిడి కేబుల్ కావాలి, ఆ కేబుల్‌లోని చిప్ మాటలు కంప్యూటర్‌కు అర్థం కావాలంటే డ్రైవర్ అనే దుబాసీ కావాలి. అమ్మినాయన కేబుల్ ఇవ్వలేదు.

నెలవంక కోసం చూసే రోజు పొద్దున మెట్ల మీద ఖాలా ఎదురైంది. రెండో అంతస్తులో ఉంటుంది, బిల్డింగంతటికీ ఖాలాయే, అంటే పిన్ని.

"ఖాలా, సాయంత్రం మా డాబా మీదికే రండి. చంద్రుడు తప్పకుండా కనిపిస్తాడట, కంప్యూటర్ చెప్పింది."

"కంప్యూటర్ చెప్పిందా? అది రోజా ఉన్నదా నాయనా?"

"లేదు ఖాలా."

"నెలంత ఉపాసమున్న మేమే అగుపడ్తదో లేదో అని ఫికర్ జేస్తుంటే, కరెంటు తిని బతికేదానికి ఏం ఎర్క?" అని నాలుగు మెట్లు దిగి, ఆగి, వెనక్కి తిరక్కుండానే అడిగింది. "మేమందరం పైకొస్తే నీకు తక్లీఫ్ గాదు గదా?"

"టెలిస్కోపు పెడుతున్నాను ఖాలా."

అడిగినదానికి అది జవాబు కాదు. అయినా ఆమె "సరె, అందరికి జెప్త" అంది.

ఇక కేబుల్ పనిచేయకపోవడానికి వీల్లేదు. వాళ్లను పైకి పిలిచి, మోటారు కదలక, "క్షమించాలి, మళ్లీ ఏడు చూద్దాం" అంటే, మళ్లీ ఏడు పక్క డాబాకే పోతారు. ఈసారి మర్యాద కొద్దీ కాదు, అలవాటు కొద్దీ.

అబిడ్స్‌లో కంప్యూటర్ సామాన్ల దుకాణాలున్న సందులోకి పరుగెత్తాను. పరుగు అంటే ఆటో ఎక్కాను. దుకాణదారు ఊలు ఉండల గుట్టలాంటి కేబుళ్లలోంచి ఒకటి లాగాడు.

"ఒరిజినలేనా?"

"ఒరిజినల్ కన్న ఒరిజినల్ అన్నా. దేనికిది?"

"టెలిస్కోపు తిప్పే మోటారుకు."

"మోటర్‌కు ఎటు తిరగాల్నో ఎవరు జెప్తరు?"

"కంప్యూటర్."

"గురి ఎవరు పెడ్తరు?"

"అదే పెట్టుకుంటుంది."

"మరి మీరేం జేస్తరన్నా?"

ఆలోచించాను. "పక్కన కుర్చీలో కూర్చుంటాను."

"మస్తు పనన్నా," అని కేబుల్ కవర్లో వేశాడు.

ఇంటికొచ్చి గుచ్చాను. డ్రైవర్ ఎక్కించాను. ల్యాప్‌టాప్‌లో ఏ పరికరం ఎలా ఉందో చెప్పే జాబితా తెరిస్తే, కేబుల్ పేరుండవలసిన చోట ఒక పసుపు గుర్తు, పక్కన ఇంగ్లీషు పెద్ద అక్షరాలతో ఒక వాక్యం: ఇది అసలు చిప్ కాదు, నీకు అమ్మినవాణ్ణే అడుగు. నాకు కోపం రాలేదు. ఆ నెలలో నాతో అంత సూటిగా మాట్లాడినవాళ్లు మరొకరు లేరు.

ఇంటర్నెట్‌లో వెతికితే తెలిసింది, ఈ జబ్బు భూమండలమంతా ఉంది. కొత్త డ్రైవర్ నకిలీ చిప్‌ను గుర్తుపట్టి పలకదు. పాత డ్రైవర్‌కు చూపు ఆనదు, ఎవర్నైనా రానిస్తుంది. కనక కొత్తది తీసేసి పాతది ఎక్కించాలి. ఎక్కించాను. పసుపు గుర్తు పోయింది. కాఫీ పెట్టుకుని వచ్చేలోపు ల్యాప్‌టాప్ ఇంటర్నెట్ నుంచి కొత్త డ్రైవర్‌ను తెచ్చి తనంతట తానే ఎక్కించుకుంది. మళ్లీ అదే వాక్యం. తీసేశాను, అది తెచ్చుకుంది. దానికీ నాకూ పానిపట్టు యుద్ధం జరిగింది. చివరికి వైఫై పీకేసి, ప్రపంచంతో సంబంధాలు తెంచుకుని, పాత దుబాసీని కూర్చోబెట్టాను. ప్రపంచంతో సంబంధాలు తెంచుకోవడంలో నాకు అప్పటికే మంచి అనుభవం.

ల్యాప్‌టాప్‌ను డాబా మీదికి మోసుకెళ్లి గుచ్చితే మళ్లీ మొండికేసింది. యూఎస్‌బీ రంధ్రం మారితే కేబుల్ నంబరు మారిపోతుందట. కింద కుడివైపు గుచ్చాను, పైన ఎడమవైపు. సాఫ్ట్‌వేర్ పాత నంబరు తలుపు కొడుతోంది, కేబులేమో కొత్త నంబరు ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చుంది. కిరాయి ఇల్లు మారి పోస్టుమాన్‌కు చెప్పనివాడి వ్యవహారం. నంబరు సరిచేశాను. మోటారు కుయ్యిమంది. నేను గంతేశాను. లక్డీకాపూల్‌లో భూకంపం అనుకుని ఉంటారు.

ఇక మన ఊరు ఎక్కడుందో చెప్పమంది. అంకెలు సరిగానే కొట్టాను. పక్కన చిన్న పెట్టెలో, అది పుట్టిన దేశం అలవాటు కొద్దీ, ముందే "పడమర" అని ఉంది. చంద్రుడు వచ్చేది పడమటే కదా, ఎంత తెలివైన యంత్రమో అని మెచ్చుకుని ముందుకు పోయాను.

పొద్దు గూకి, సైరన్ మోగి, కింద ఖర్జూరాలూ నమాజూ అయ్యాక మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడింది. రెండేళ్లుగా ఆ మెట్లమీద గ్యాసుబండ చప్పుడే విన్నవాణ్ణి. నా గుండె గ్యాసుబండలాగే దొర్లింది. ఖాలా, ఆమె కోడలు, పాలమూరు వాళ్ల ఇంటిల్లిపాదీ, ఇంకా పేర్లు సరిగా తెలియనివాళ్లు. డాబా నిండింది.

నేనేం చేశానో వినండి. "రండి, కూర్చోండి" అనాలి కదా. "కేబుల్! కేబుల్ తొక్కకండి!" అని అరిచాను. వాళ్లు అటు జరిగితే "పీఠం! కదిలించకండి!" అన్నాను. చాపలు పరవడానికి చోటు లేదు, పరవాలన్న ఆలోచనా రాలేదు. పొద్దుటి నుంచీ డాబా ఊడ్వలేదు. పెళ్లికొచ్చినవాళ్లను పెళ్లిపందిరి ముట్టుకోవద్దన్నట్టు, అందర్నీ పిట్టగోడకు ఆనించాను. ఖాలా బోర్లించిన బకెట్ మీద కూర్చుంది.

చంద్రుడి మీద నొక్కాను. పీఠం ఘనంగా లేచింది. అది మెల్లగా, రాజసంగా, పడమటికి వీపు తిప్పి, తూర్పున అబిడ్స్ వైపు మొహం పెట్టి ఆగింది.

"ఏందయ్యా, చాంద్‌కు దిక్కు మార్చినవా?" అంది ఖాలా.

"ఒక్క నిమిషం ఖాలా, డ్రైవర్..."

"దానికి డ్రైవర్ గూడ ఉన్నడా? తాగిండేమో జర చూడు!"

అందరూ నవ్వారు. నేను ల్యాప్‌టాప్‌లో తల దూర్చాను. నవ్వు ఆగకముందే ఖాలా బకెట్ మీంచి లేచి, స్టేషన్ పైకప్పు మీదుగా వేలు చాపింది. "అగో!"

గోటితో గీసినట్టు, సన్నగా. చేతులు దువా కోసం లేచాయి, మసీదు మైకు పలికింది, చాంద్ ముబారక్‌లు, కౌగిలింతలు. నన్నూ వాటేసుకున్నారు, ఒక చేత్తో కేబుల్ కాపాడుకుంటూ ఇంకో చేత్తో అందుకున్నాను. ఆ వెంటనే డాబా ఖాళీ. పండగ ముందు రాత్రి ఒక్కో ఇంట్లో పది పెళ్లిళ్ల పని ఉంటుంది. వాళ్లది తప్పు కాదు. చంద్రుణ్ణి చూడ్డానికి వచ్చారు, చూశారు, దిగారు.

అప్పుడు కనిపించింది ఆ చిన్న పెట్టె. మన ఊరు ఉండేది తూర్పు రేఖాంశంలో, చంద్రుడు దిగేది పడమట. "తూర్పు" అని మార్చాను. పీఠం బుద్ధిగా వెనక్కి తిరిగి, నెలవంకను నడిమధ్యన పెట్టింది. గొట్టంలోంచి చూస్తే దాని అంచున గుంటలూ కొండలూ. "దొరికాడు!" అని మెట్లలోకి అరిచాను. కింద మిక్సీలు తిరుగుతున్నాయి.

చంద్రుడు పొగమంచులోకి దిగిపోతుండగా ఖాలా కోడలు, ఇందాక పైకి వచ్చినప్పుడు తీగ మీద ఆరేసి పోయిన బట్టల కోసం వచ్చింది. "ఉన్నదా అంకుల్ ఇంక?"

"ఇప్పుడే పోయాడమ్మా."

అయినా, అన్నిటినీ తలకిందులుగా చూపే ఆ గొట్టంలోకి వంగింది. "రైలు తీగలు! తలకిందులున్నయి!" అని పకపకా నవ్వింది. బట్టలు భుజం మీద వేసుకుని, గోడకు ఆనుకుని, "జర సేపు ఈడ్నే నిలబడ్త. కిందికి పోతే సేమ్యా వేయించమంటరు," అంది. తర్వాత నెత్తి మీదికి చూపించింది. "గా మెరిసేదేంది?"

"గురుడు. చుట్టూ చంద్రులు కూడా కనిపిస్తారు, చాలామంది."

"చాలామందా? చూపియ్యిండ్రి మరి!"

గురుడి పేరు మీద నొక్కాను. పీఠం కుయ్యిమంటూ నిక్కి పైకి తిరగసాగింది.

కింది నుంచి ఖాలా గొంతు: "ఓ దుల్హన్! బట్టలు తెమ్మంటే నేయబోయినవా?"

"వస్తున్న అమ్మీ!"

మోటారు ఆగింది. చూశాను. గురుడు సరిగ్గా మధ్యలో, పక్కన నాలుగు చుక్కలు వరసగా. యంత్రం ఆ రోజు చేసిన రెండో తిన్నని పని. "రామ్మా" అని తల ఎత్తేసరికి బట్టల తీగ ఊగుతోంది, మెట్ల మీద చెప్పుల చప్పుడు కిందికి పోతోంది.

ల్యాప్‌టాప్ మూయలేదు. పండగ పని తెమిలాక ఎవరికైనా గుర్తొస్తుందేమోనని, ఆ చుక్కల్ని అలాగే పట్టి ఉంచమని పీఠానికి చెప్పి, పక్కన కుర్చీలో కూర్చున్నాను.