కేశవరావు చెప్పే నోట్స్

బందరు నుంచి వచ్చిన కేశవరావు, దేశ రాజధానిలో జియా సరాయ్ అనే పేటలోని కోచింగ్ సెంటర్లో తొమ్మిదేళ్లుగా ఒకే ఇంగ్లీషు నోట్స్ చెప్పి రాయిస్తున్నాడు. ఆధునిక కథలో హఠాత్తుగా ఒక క్షణం వస్తుందనీ, అప్పుడు మనిషికి తన బతుకంతా కనిపిస్తుందనీ అందులో ఉంటుంది. కామాలు, ఫుల్‌స్టాపులతో సహా అతనికి కంఠతా వచ్చు. నోరు దాని పని అది చేసుకుపోతుంది.

తొంభై ఏడు జూన్‌లో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి కూలర్ ఆగింది. సరిగ్గా ఆ క్షణం గురించిన వాక్యం దగ్గరే అతని నోరూ ఆగింది. ఎదురుగా నలభై తలలు కాగితాల మీదికి వంగి ఉన్నాయి. ఒక్కటీ లేవలేదు.

"నాకైతే ఎప్పుడూ ఏమీ కనిపించలేదు," అన్నాడు ఇంగ్లీషులోనే.

నలభై పెన్నులూ అదీ రాసుకున్నాయి.

"సర్, ఫుల్‌స్టాప్?" అని అడిగింది ముందు వరుసలో చాందిని.

"హాఁ, ఫుల్‌స్టాప్," అన్నాడు కేశవరావు. "నెక్స్ట్ పేరా."