రంపానికి పూసిన సింధూరం

మా భ్రమరాంబక్క గురించి మార్కాపురంలో ఇప్పుడు తలా ఒక మాట అంటున్నారు. రాయికి పూజ చేసి పీహెచ్‌డీ పోగొట్టుకుందట. ఆ మాట పుట్టించింది పట్నంలో ఆమె పనిచేసిన ల్యాబ్‌లోని సారు, ఆమె పీహెచ్‌డీకి గైడు. వింటుంటే ఒళ్లు మండుతోంది. అందుకే జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

అక్క మా పెదనాన్న దశరథరామయ్య కూతురు. ఆయనది పలకల ఫ్యాక్టరీ. రాళ్ల దుమ్ములో పెరిగిన మనిషి రాళ్ల చదువే చదివింది. ఆమె పనంతా ఓడవాళ్లు సముద్రం అడుగు నుంచి తోడి తెచ్చిన ఒక నల్లరాయితో. అందులో రవ్వంత సీసం ఉంటుంది. ఆ సీసంలో బరువు తేడాతో కొన్ని రకాలుంటాయి, వాటినే ఐసోటోపులంటారు. ఏ రకం ఎంత ఉందో కొలిస్తే ఆ రాయి పైపైన కరిగి వచ్చిందో, భూమి లోతుల్లోంచి తన్నుకొచ్చే వేడి రాతి ఊట నుంచి వచ్చిందో తెలుస్తుంది.

ఒక ఏడాది ల్యాబ్‌లో రాళ్లు కోసే రంపం చెడిపోయింది. బాగు చేయించమంటే సారు పట్టించుకోలేదు. "మీ ఊళ్లో రాళ్లు కోయడమే కదా పని, అక్కడే కోయించుకురా" అన్నాడు. అక్క దసరాకి రాయి తీసుకుని వచ్చింది. ఆయుధపూజకు మా ఫ్యాక్టరీలో రంపాలకు నూనెలో కలిపిన సింధూరం పూస్తారు. పూజయ్యాక మొదటి కోత మంచి రాయి మీద వేస్తారు.

"ఈసారి మొదటి కోత నా కూతురి రాయిదే" అని పెదనాన్న ఉబ్బిపోతూ కోసినాడు.

ఆ సింధూరం సీసంతో చేసేది. ఆ సంబరంలో అక్కకు అది తట్టలేదు. తట్టకపోయినా కొంపేమీ మునిగేది కాదు. కోసిన మొహం అరగదీసి, యాసిడ్‌తో కడిగాకే కొలవడం పద్ధతి. అక్క కడుగుతాననే అంది. ముక్క చిన్నది, అరగదీస్తే ఏం మిగలదు, లెక్క చూపాల్సిన సదస్సు దగ్గరపడింది, అక్కర్లేదన్నది ఆ సారే.

లెక్క రాగానే ఎవరూ చూడని ఊట దొరికిందని ఆయన గంతులేసి, పత్రికకు వ్యాసం రాశాడు. అక్కకు అనుమానం వచ్చింది. మిగతా మూలకాలన్నీ మామూలు రాయే అంటుంటే, సీసం ఒక్కటే ఊట అంటోంది. ఇంట్లో మిగిలిన సింధూరం తెప్పించి కొలిచింది. తేడా అంతా దానిదే. మళ్లీ కొలుద్దామంటే రాయి మిగల్లేదు.

"ఊట లేదు సార్. అది మా నాయన పూసిన సింధూరం. వ్యాసంలోంచి తీసేయండి" అంది.

"తీసేస్తే నీ పీహెచ్‌డీ కూడా పోతుంది. ఊరుకో."

అక్క ఊరుకోలేదు. అబద్ధపు లెక్కతో థీసిస్ రాయనంది. మూఢనమ్మకంతో రాయిని పాడుచేసిందని ముద్రవేసి ఆమెను బయటికి పంపారు.

ఇంటికొచ్చిన రోజు పెదనాన్న తల ఎత్తలేదు. "నా చేత్తో నీ చదువు చెడగొట్టినానమ్మా. ఇంక పూజ చెయ్యను" అన్నాడు.

అక్కకు అప్పుడొచ్చింది కోపం. "నీ రంపానికి నువ్వు పూసుకున్నావు. నువ్వేం తప్పు చేసినావు నాయనా? కడగొద్దన్నది నువ్వా? ఏంది నీకీ ఏడుపు?"

మొన్న ఆ వ్యాసం అచ్చయింది. రాయి పాడైందని మనిషిని గెంటినవాడే ఆ పాడైన రాయి లెక్కను వేసుకున్నాడు. సిగ్గు లేదు. ఊటను తీసేయమని అక్క మొత్తుకుంది. వాళ్లు ఊటను ఉంచి అక్క పేరు తీసేశారు.