తుక్కులో వేసిన మొదటి కత్తి

ముక్కు సరిచూసుకోవడానికే ఆయనకి మూడు సాయంత్రాలు పట్టింది.

ఫోనులో ఆట తెరవగానే ముందు మన మనిషిని మనమే తయారుచేసుకోమంటుంది. తల, భుజాలు, కళ్ళ మధ్య దూరం, ముక్కు. ఒక్కోదానికీ ఒక గీత, గీత మీద సున్నా నుంచి వంద దాకా అంకెలు. మామూలు మనుషులు నాలుగు గీతలు ఎడాపెడా జరిపి ఆటలోకి పోతారు. ఈయన ముప్పై ఏళ్ళుగా లేత్ మిషను మీద పంపు షాఫ్టులు తయారుచేస్తున్న మనిషి. అంకెలున్న గీత కనపడితే ఊరికే వదల్లేడు. ముక్కుని నలభై ఏడు దగ్గర పెట్టాడు. కళ్ళజోడు తుడుచుకుని చూసి నలభై ఆరుకి తగ్గించాడు. బొమ్మని పక్కకి తిప్పి చూసి మళ్ళీ నలభై ఏడు చేశాడు.

లేత్ షాపులో ఆయన్ని వెంట్రుకవాసి అంటారు. ఎవరు ఏ ముక్క తెచ్చి చూపించినా వెలుతురుకి ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి, "వెంట్రుకవాసి తేడా ఉంది" అని తిరిగి చేతిలో పెట్టేస్తాడు. నిజంగా ఉందో లేదో కొలిచి చూడడం అందరూ మానేశారు. ఎప్పుడు కొలిచినా ఉంటోంది.

"బాబూ, ఆ ముక్కు మీద రేపో ఎల్లుండో ఇనప టోపీ పడుతుంది," అంది వెనక నుంచి అత్తగారు. "ఇంకెవరికీ కనపడదు."

"నాకు తెలుస్తుంది కదా అత్తయ్యా."

అత్తగారు బట్టల ఫ్యాక్టరీలో ఉద్యోగమున్నన్నాళ్ళూ చొక్కాలకి కాలర్లు కుట్టి, మోకాళ్ళు అరిగాక కూతురింటికి వచ్చింది. అల్లుడి ముందు గొంతు పెంచి ఎరగదు. మనవరాలు వాడి వదిలేసిన ట్యాబ్ ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంటే, వార్తలు చూసుకుంటోందని ఇంట్లో అందరూ అనుకునేవాళ్ళు. ఆవిడ రెండేళ్ళుగా ఇదే ఆట ఆడుతోందని, అరవై రెండో మెట్టు మీద ఉందని, అక్కడ ఆవిడ పేరు గుండుసూది అని అల్లుడికి ఈ వారమే తెలిసింది. పేరు చూసి మోసపోకూడదు. తల నుంచి కాలిదాకా కవచం తొడుక్కుని, భుజాన గొడ్డలి వేసుకున్న ఆకారం అది.

ఆటలోకి ఆయన సరదాపడి రాలేదు. షాపులో పాత ఫోర్‌మన్ రిటైరయ్యాడు. మేనేజరు, అంటే యజమాని తమ్ముడి కొడుకు, నాయకత్వం మీద రెండు రోజుల శిక్షణకి వెళ్ళొచ్చాడు. వెళ్ళకముందు బాగానే ఉండేవాడు. వచ్చాక నాలుగు రంగుల మార్కర్లు కొన్నాడు.

"ఫోర్‌మన్ అంటే పని తెలిసినవాడు కాదు," అన్నాడు ఎనిమిది మందినీ నిలబెట్టి. "పని మనకి ఎలాగూ తెలుసు. ఫోర్‌మన్ అంటే నాయకుడు. నాయకుడెవడో ఆపదలో బయటపడతాడు. మన షాపులో ఆపదలు లేవు. అందుకని ఆటలో చూద్దాం."

నియమాలు ఎర్ర మార్కర్‌తో రాసి, సంతకం చేసి, స్టాంపు కూడా వేసి గోడకి అంటించాడు. నెల రోజులు అందరూ ఒకే జట్టుగా ఆడాలి. నెలాఖరు శనివారం రాతి రాక్షసుడితో పోరాటం. అది గెలిచాక ఆట చూపించే పట్టికలో జట్టులో మొదటి పేరు ఎవరిదైతే వాళ్ళే ఫోర్‌మన్. మిషన్ల విషయంలో ఫోర్‌మన్ చెప్పిందే ఆఖరు మాట. దీనికి తిరుగులేదు.

"నేను గనక ఫోర్‌మన్ అయితే," అన్నాడు షాపులో అందరూ మైకు అని పిలిచే కుర్రాడు, ఇంకా సిరా ఆరకముందే, "మొదట ఆ మూలనున్న మూడో నంబరు లేత్‌ని తుక్కుకి పంపించి అక్కడ మీటింగు బల్ల వేయిస్తా."

మైకు డ్యూటీ డ్రిల్లింగు మిషను మీద. మనిషి మాత్రం ఎప్పుడూ పక్కవాళ్ళ మిషన్ల దగ్గర దొరుకుతాడు. మేనేజరు వెంటనే "చూశారా, దూరదృష్టి" అన్నాడు.

మూడో నంబరు వెంట్రుకవాసి మిషను. ఆయన చేరేటప్పటికే అది పాతది. దాని పిడి ఆయన అరచేతి ఆకారానికి అరిగింది. మర వెనక్కి తిప్పేటప్పుడు పావు చుట్టు ఖాళీగా తిరుగుతుంది, ఆ పావు చుట్టు లెక్క ఆయన చేతికి తప్ప ఇంకెవరికీ తెలీదు. ఆ సంగతి ఇంట్లో చెప్పాడు.

"ఇంకో మిషను ఇస్తారులెండి," అంది భార్య.

"ఇస్తారు. దానికి నా చెయ్యి తెలీదు."

అత్తగారు ట్యాబ్ మీంచి తలెత్తి చూసింది. ఆ మర్నాడే ఆట నేర్పుతానంది.

నాలుగో రోజు సాయంత్రం, ముక్కు చివరికి నలభై ఆరు దగ్గరే ఖాయమయ్యాక, మూడోనంబరు అనే పేరుతో వెంట్రుకవాసి మొదటి ఊళ్ళో అడుగుపెట్టాడు. ఎదురుగా ఒక ముసలి రైతు. నెత్తి మీద పసుపు గుర్తు.

"వీరుడా, అడవిపందులు పంట పాడుచేస్తున్నాయి. పదింటిని చంపి రా."

"కంచె వేసుకోవచ్చుగా," అన్నాడు వెంట్రుకవాసి ఫోనుతో.

జవాబుగా ఆట రెండే మాటలు ఇచ్చింది: సరే, తర్వాత. ఆయన తర్వాత నొక్కి ముందుకి నడిచాడు. నూతి దగ్గర ఒకామె తన ఉంగరం పోయిందంది. కాపలావాడు దొంగల్ని పట్టుకోమన్నాడు. ఊరంతా ఎవరి పని వాళ్ళు మానేసి కొత్తగా వచ్చినవాడికి చెప్పుకోవడానికి నిలబడి ఉన్నారు. షాపుకి దీనికి పెద్ద తేడా కనపడలేదు.

ఒక్కడే పనిచేస్తున్నాడు. ఊరి చివర కమ్మరి. ఆయన ఏమీ అడగలేదు, సుత్తి మాత్రం ఇచ్చాడు.

కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ ఆట ఒక ముద్ద ఉల్క ఇనుము ఇస్తుంది. జన్మానికి ఒక్కసారే. దాంతో చేసుకున్న కత్తి పాతిక మెట్ల దాకా పనికొస్తుంది. వెంట్రుకవాసి రెండు సాయంత్రాలు కష్టపడ్డాడు. ఇనుము రంగు మారే క్షణంలో సుత్తి పడాలి, ముందు పడినా వెనక పడినా వంకర. మొత్తానికి కత్తి నీలంగా మెరుస్తూ వచ్చింది. తిప్పి చూశాడు. కొలిమి దగ్గరికి పట్టుకెళ్ళి తుక్కు గుంటలో వేశాడు.

నిజంగానే విరగ్గొట్టాలా అని ఆట అడిగింది. అవును నొక్కాడు. ఇలాంటిది మళ్ళీ దొరకదు, నిజంగానే విరగ్గొట్టాలా అని అడిగింది. అవును. మూడోసారి ఎర్ర అక్షరాలతో అడిగింది.

"అయ్యో బాబూ," అంది అత్తగారు, అప్పుడే మంచినీళ్ళు తీసుకొచ్చి. "ఏం చేశారు?"

"మొదటిది కదండీ."

షాపులో అది ఆయన పద్ధతి. మిషను కొత్తగా సెట్ చేసినప్పుడు మొదటి ముక్క బయటికి పోదు. ఎంత బాగా వచ్చినా తుక్కులోకే. మొదటి ముక్క మిషనుని తెలుసుకోవడానికి, రెండోది గిరాకీకి.

అత్తగారు ఫోనులోని తుక్కు గుంట వైపు వంగి చూసి, "నేనూ కొత్త మెషిన్ మీద మొదటి కాలరు విప్పేసేదాన్ని," అని గ్లాసు పక్కన పెట్టి వెళ్ళిపోయింది.

ఆటకి సంబంధించి ఎవరూ చదవని ఒక సంగతి ఉంది. చేసినదాన్ని విరగ్గొడితే చేయి తిరుగుతుంది. మంచి ఇనుము విరగ్గొడితే ఇంకా బాగా తిరుగుతుంది. వెంట్రుకవాసి అదీ చదవలేదు. కొలిమి దగ్గర కూర్చుని మేకులు చేశాడు, నాడాలు చేశాడు, బాగాలేనివి విరగ్గొట్టాడు. ఆయన లెక్కలో బాగున్నవి తక్కువ. మూడు వారాలు ఊరు దాటలేదు. అప్పటికి కమ్మరిపనిలో ఆయనకి పై మెట్టు లేదు. యుద్ధంలో మాత్రం మూడో మెట్టు, అదీ కొలిమిలోకి వచ్చిన ఎలుకలవల్ల.

షాపు గోడ మీద మేనేజరు వేసిన పట్టికలో ఆయన పేరు అడుగున ఉండేది. మిగతావాళ్ళు ముప్పై దాటారు.

"ఏంటన్నా, ఇంకా మూడేనా?" అన్నాడు మైకు. "మిషను నంబరు మీద అంత మమకారమా?"

"మెట్లెక్కితే మోకాళ్ళు పోతాయిరా. మా ఇంట్లో చూస్తున్నాగా."

మైకు ఆటలో పెట్టుకున్న పేరు మహానాయకుడు. పోరాటానికి ముందు జట్టుని నిలబెట్టి ఉపన్యాసం టైపు చేసేవాడు. అది పూర్తయ్యేలోపు మిగతావాళ్ళు శత్రువుని చంపేసేవాళ్ళు. గెలుపు ఉపన్యాసం వల్లే అని మేనేజరు పుస్తకంలో రాసుకునేవాడు.

నెలాఖరు శనివారం మధ్యాహ్నం షాపులో మిషన్లన్నీ ఆపేశారు. మేనేజరు పెద్ద టీవీ తెచ్చి పెట్టాడు. ఎనిమిది మందీ నూనె చేతులు కడుక్కుని ఫోన్లు తీశారు. కొండ గుహ దాకా మూడో మెట్టు మనిషి ఒంటరిగా వెళ్ళలేడు, తోడేళ్ళు తినేస్తాయి. అందుకని ఇంటి నుంచి అత్తగారు వచ్చింది. ఆటలోకే, నడిచి కాదు.

"నా వెనకే రండి బాబూ," అని టైపు చేసింది. "ఎక్కడా ఆగకండి."

వంతెన దగ్గర ఆయన ఆగాడు. దిమ్మెలకి వేసిన మేకులు ఎవరో వంకరగా కొట్టారు. చూస్తుండగా రెండు తోడేళ్ళు వచ్చాయి. గుండుసూది రెండింటినీ చంపి, వంతెన తర్వాత చూద్దురుగాని అంది.

గుహ ముందు ఆ ఇనప ఆకారాన్ని చూసి మైకు వదల్లేదు. "మహావీరా, మా జట్టులో చేరండి, చరిత్ర సృష్టిద్దాం" అని పిలుపు పంపించాడు. అత్తగారు సరే నొక్కింది. అలా జట్టు తొమ్మిదయింది. వీరుడెవరని అడగాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. మేనేజరు మాత్రం "మనుషుల్ని ఆకర్షించడం" అని రాసుకున్నాడు.

పన్నెండు నిమిషాల ఉపన్యాసం తర్వాత ఏడుగురు లోపలికి ఉరికారు. వెంట్రుకవాసి బయట చిన్న కొలిమి రాజేసి, ఇనుము కొట్టే దాగలి వేసుకుని కూర్చున్నాడు. గుండుసూది ఆయన పక్కన కాపలా.

ఆయుధాలు వాడేకొద్దీ అరుగుతాయని ఆట మొదటి రోజే చెప్పింది. ఏడుగురూ దాన్ని దాటేసి ముందుకి పోయినవాళ్ళే. రాతి రాక్షసుడి మీద పది దెబ్బలు పడేసరికి కత్తులు ఒకదాని తర్వాత ఒకటి విరిగాయి. షాపులో ఏడు చోట్ల నుంచి ఒకే మాట వినపడింది: "ఇదేంటి, నాది విరిగింది." పిడికిళ్ళతో కొట్టారు. రాయి మీద పిడికిలి. చచ్చి, శ్మశానంలో లేచి, మళ్ళీ కొండెక్కి వచ్చారు. ఊరికి వెళ్ళి బాగుచేయించుకుందామంటే అరగంట నడక. అప్పుడు చూశారు, గుహ గుమ్మంలో కూర్చుని ఉన్నవాణ్ణి.

"అన్నా, ఇది అతుకుతుందా?"

"ఇలా ఇవ్వు."

ఒక్కొక్కరిదే తీసుకున్నాడు. ఆఖరున మైకు లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆయన భుజం మీదుగా వంగాడు. ఆటలో అడిగితే సరిపోయేది.

"అన్నా, నాది కొంచెం ముందు చూడు. నేను ముందుండి నడిపించాలి."

వెంట్రుకవాసి ఆ కత్తి చూశాడు. దాన్ని సగం అతికించి ఇస్తే చాలు, రెండు దెబ్బలకి మళ్ళీ విరుగుతుంది. మైకు పేరు పట్టికలో కిందికి పోతుంది. ఎవరికీ తెలీదు. తలెత్తి మూలనున్న మూడో నంబరుని చూశాడు.

ఫోనులో అక్షరాలు వచ్చాయి. "బాబూ, దీన్ని కాస్త మొద్దుగా వదిలేయకూడదూ."

"నా చేతిలోంచి మొద్దు కత్తి పోదత్తయ్యా," అని టైపు చేశాడు. ఇనుము రంగు మారేదాకా ఆగి, సుత్తి వేశాడు. ఆ కత్తి కొన్న నాటికంటే పదునుగా మైకు చేతికి వెళ్ళింది.

గుండుసూది గొడ్డలి భుజం మీంచి దించి గుహలోకి నడిచింది.

పావుగంటలో అయిపోయింది. ఏడుగురూ బాగానే కొట్టారు. ఈసారి ఎవరిదీ విరగలేదు. మైకు అందరికంటే బాగా కొట్టాడు, కత్తి అలాంటిది మరి. కానీ గొడ్డలి పడ్డప్పుడల్లా టీవీ అద్దం అదిరినట్టయింది.

పట్టిక వచ్చింది. మొదటి పేరు గుండుసూది. రెండోది మహానాయకుడు. తొమ్మిదోది మూడోనంబరు, కొట్టిన దెబ్బలు సున్నా. బాగుచేసిన ఆయుధాలు అనే గడి ఆ పట్టికలో లేదు.

మేనేజరు గోడ మీది కాగితం చూశాడు. ఎనిమిది మందీ కూడా అదే చూస్తున్నారు.

"ఈ గుండుసూది ఎవరు?"

"మా అత్తగారండీ," అన్నాడు వెంట్రుకవాసి.

"ఆవిడ మన షాపులో లేరు కదా."

"కాగితంలో జట్టు అని రాశారండి," అన్నాడు వెల్డరు, అమాయకంగా. "షాపు అని లేదు. జట్టులో మైకే చేర్చుకున్నాడు."

మైకు తను పంపిన పిలుపుని ఫోనులో వెతుక్కున్నాడు. మేనేజరు ఎర్ర సంతకాన్ని, స్టాంపుని ఇంకోసారి చూసుకుని వెంట్రుకవాసి ఇంటికి ఫోను చేశాడు. స్పీకరు పెట్టాడు.

"అమ్మా, నాయకత్వ పరీక్షలో మీరు మొదటి స్థానంలో నిలిచారు. నియమం ప్రకారం మీరు మా షాపుకి ఫోర్‌మన్."

"సంతోషం బాబూ. పనెక్కడ? మేడ మీదా?"

"ఆఫీసు మేడ మీదండి."

"అయితే కుదరదు నాయనా, నా మోకాళ్ళు మెట్లెక్కవు. మానేస్తున్నానని రాసుకోండి." ఒక్క క్షణం ఆగింది. "మానేసేదాకా నా మాట చెల్లుతుందా?"

మేనేజరు కాగితం చదివాడు. మిషన్ల విషయంలో ఆఖరు మాట. "చెల్లుతుందండి."

"మూడో నంబరు మిషను జోలికి ఎవరూ వెళ్ళొద్దు. ముందు అది రాయండి, తర్వాత మానేసింది రాయండి. ఉంటాను, పొయ్యి మీద పాలున్నాయి."

ఆ వరసలోనే రాశారు.

సోమవారం రెండో పేరు ఫోర్‌మన్ అయింది. మూడో నంబరు మీద ఆఖరు మాట అప్పటికే పడిపోయింది కాబట్టి, మైకు మేడ మీద ఆఫీసులోనే మీటింగు బల్ల వేయించుకున్నాడు. మొదటి మీటింగులో చెయ్యి ఆనించగానే బల్ల ఊగింది, మేనేజరు టీ ఒలికింది. మైకు కిందికి దిగి వచ్చాడు.

"అన్నా, బల్ల కాలు కింద బిళ్ళ లాంటిదేదైనా పెడితే..."

వెంట్రుకవాసి పైకి వెళ్ళి కొలత తీసుకుని వచ్చాడు. మూడో నంబరు మీద చిన్న ఇనప కడ్డీ బిగించాడు. పిడి పావు చుట్టు వెనక్కి తిప్పి, ముందుకి తోశాడు. బిళ్ళ నున్నగా తెగి అరచేతిలో పడింది. వెలుతురుకి ఎత్తి చూసి తుక్కు డబ్బాలో వేశాడు.

"బాగానే ఉందిగా," అన్నాడు మైకు.

"ఆగు," అని ఆయన రెండోది మొదలుపెట్టాడు.