మామ ఎత్తిపెట్టిన లారీ

మా మామ పోయారు. వడమాలపేట దాటాక పుత్తూరు రోడ్డు పక్కన రేకుల షెడ్డులో లారీ చక్రాల పని చేసే పెద్దాయన అంటే ఆ దారిన తిరిగే డ్రైవర్లకు తెలుస్తుంది. పొద్దున్నే పనిలోకి దిగి, విరిగిన స్టడ్డు ఒకటి తీసి, రెండోదానికి కిరోసిన్ పోసి, టీ కోసం లేచారు. లేచిన మనిషి అక్కడే కూలిపోయారు. ఆటోలో తిరుపతి చేరేలోపే ప్రాణం పోయింది. లారీ జాకీ మీదే ఉండిపోయింది.

స్టడ్డు అంటే లారీ చక్రాన్ని పట్టి ఉంచే లావాటి బోల్టు. చక్రం వెనకున్న హబ్బులో దిగగొట్టి ఉంటుంది. నట్లు వదులైనా పట్టించుకోకుండా బండి తోలితే విరుగుతుంది. బయటి ముక్క రోడ్డు పాలవుతుంది, లోపలి ముక్క తుప్పు పట్టి కదలదు. దాన్ని తీయించుకోవడానికే మామ దగ్గరికి వచ్చేవారు. వచ్చిన ప్రతివాడికీ తొందరే. గ్యాసు మంటతో కాల్చి కొట్టేయమనేవారు.

"కాలిస్తే వస్తాది. లోపల గ్రీసూ కాలిపోతాది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు సక్రం ఊడొస్తే? నన్ను తిట్టేదానికైనా నువ్వుండల్ల గదప్పా!" అనేవారు మామ.

హబ్బును ఊడదీసి చెక్కల మీద పడుకోబెట్టి, కిరోసిన్ పోసి, అది ఇంకేదాకా గోనెసంచి మీద కూర్చునేవారు. నాకు ఒళ్ళు మండేది. అన్నం చల్లారిపోతోందని అరిచేదాన్ని. "ముందు దాన్ని కిరోసిన్ తాగనీ అమ్మీ" అనేవారు, అంతే.

మా ఇంటాయన శ్రీ సిటీలో ఫ్యాక్టరీ పనికి చేరాక, విరిగిన ముక్క మీద ఇనుప కడ్డీ నిలబెట్టి పట్టుకునే పని నా మీద పడింది. మామ సమ్మెట ఎత్తేవారు. కోడలు మామ ఎదురుగా కూర్చోవడమేమిటని అత్త మొహం ముడుచుకుంది. షెడ్డులో అడుగే పెట్టేది కాదు. నాకు అత్త కంటే సమ్మెటంటేనే భయం. కళ్ళు మూసుకునేదాన్ని.

"సమ్మెట నేను సూసుకుంటా. నువ్వు కడ్డీని సూడమ్మీ" అనేవారు. ఒక్క దెబ్బ కూడా నా వేళ్ళ మీద పడనివ్వలేదు. కన్నతండ్రి దగ్గర కూడా నేను అంత ధీమాగా కూర్చోలేదు. ఆ ధీమా పోయింది.

జాకీ మీదున్న ఆ లారీ డ్రైవరుది పలమనేరు. టమోటాలను వేరే బండికెక్కించి పంపేసి, తాను మా ఇంటి ముందే ఉండిపోయాడు. పాడె కూడా మోశాడు. బండి ఆగితే ఇల్లు గడవని మనిషి. అయినా నోరు తెరిచి అడగలేదు. ఇంకో మెకానిక్కును పిలుచుకోమన్నాం. "ఆయన సెయ్యి పెట్టిన పని, ఇంకొకర్ని యాడ పిలిసేదక్కా?" అన్నాడు.

మూడో రోజు మా ఇంటి మగవాళ్ళంతా పాలు పోయడానికి శ్మశానానికి వెళ్ళారు. అత్త గడప దాటి బయటికొచ్చింది. మైలలో బయటికి రాకూడదని చుట్టాలు కేకలేశారు.

"ఆయన ఎత్తిపెట్టినాడు. దించకుండా పోయినాడు. దించేది ఎవురు?" అంది అత్త.

నేరుగా షెడ్డుకొచ్చి గోనెసంచి మీద కూర్చుంది. నేనూ డ్రైవరూ వెనకే వెళ్ళాం. డ్రైవరు కడ్డీ కోసం చెయ్యి చాపాడు. "నువ్వుండు నాయనా" అని తానే అందుకుని, నా వైపు చూసింది.

"కొట్టమ్మీ."

సమ్మెట ఎత్తాను. ఆ ముసలి వేళ్ళ మీద పడితే? ఇన్నేళ్ళూ ప్రతి దెబ్బకూ మామ ఈ భయమే పడి ఉంటారని అప్పుడు తట్టింది. ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే కొట్టాను. అత్త మాత్రం కళ్ళు మూసుకోలేదు. కొట్టగా కొట్టగా ముక్క కదిలి, కింద చెక్కల మధ్య పడింది.

"వచ్చేసినాదా?"

"వచ్చిందత్తా."

డ్రైవరు కొత్త స్టడ్డులు దిగగొట్టి, గ్రీసు పెట్టి, హబ్బునూ చక్రాన్నీ ఎక్కించాడు. జాకీ దించి, అత్త కాళ్ళకు మొక్కి వెళ్ళిపోయాడు. ఖాళీ అయిన షెడ్డులో అత్త సంచి మీద నుంచి లేవలేదు. కింద ఏమీ లేకపోయినా, కడ్డీని నేల మీద నిటారుగా నిలబెట్టి, రెండు చేతులతో గట్టిగా పట్టుకునే ఉంది.