వంకరబూర మామ వంతు

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేశానని ఊళ్ళో అంటారు గానీ, నిజానికి బడే నన్ను మానేసింది. మేష్టారు హాజరు పిలుస్తూ నా పేరు దగ్గర ఆగకుండా వెళ్ళిపోవడం మొదలెట్టాక, ఇంకా కూర్చోవడం మర్యాద కాదని నేనే లేచి వచ్చేశాను. ఆ తర్వాత అనకాపల్లిలో మైకు సెట్లు అద్దెకిచ్చే కొట్టు పెట్టి, "హలో, మైక్ టెస్టింగ్" అనే ఒక్క పాటతో సంసారం ఈదుకొచ్చాను. నిన్న పాతసామాన్లు కొనేవాడొకడు కొట్లోకి వచ్చి, అటక మీదున్న పెద్ద ఆంప్లిఫయర్‌ని చూపించి, "అది పని సేత్తాదా?" అని అడిగాడు. "సేత్తాది, అదే గొడవ" అన్నాను. వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. నేను నవ్వకపోవడం చూసి వాడు బేరం కూడా ఆడకుండా వెళ్ళిపోయాడు.

ఆ డబ్బాకి ముందువైపు చిన్న గాజు కిటికీ ఉంటుంది, దాని వెనక సన్నటి ముల్లు. మైకులోకి ఎంత శబ్దం పోతే ముల్లు అంతగా కుడివైపుకి ఊగుతుంది. శబ్దం లేకపోతే ఎడమ మూల తిన్నగా పడుకుంటుంది. ఈ చిన్న సంగతి గుర్తుంచుకోండి, మిగతాదంతా దాని గురించే.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది. మా ఊరి పెళ్ళి బ్యాండులో ఒక పెద్దాయన ఉండేవాడు. సన్నగా, చెరుకుగడకి తెల్లచొక్కా తొడిగినట్టు ఉండేవాడు. బురదచేలో నడిచినా బూట్ల మెరుపు పోయేది కాదు. చిన్నతనంలోనే కలకత్తా పారిపోయి, అక్కడి పెద్ద పెద్ద హోటళ్ళలో జాజ్ వాయించి, జుట్టు నెరిశాక తిరిగొచ్చాడు. ఆదివారాలు చర్చిలో, మిగతా రోజులు మాతో పెళ్ళిళ్ళలో. ఆయన వాయించేది సాక్సోఫోను. మాకు ఊదేవన్నీ బూరలే, అది వంకరగా ఉండేది కాబట్టి ఆయన వంకరబూర మామ. ఊరందరికీ మామే. పాలపొంగులా మెల్లగా మొదలెట్టి, చూస్తుండగానే పందిరంతా నింపేసేవాడు. ముసలమ్మలు కూడా తాంబూలం నమలడం ఆపి వినేవారు.

నేను ఆయన్ని మొదటిసారి దగ్గరగా చూసింది మునగపాకలో ఓ పెళ్ళిలో. గానుగలాడే రోజులు, పొద్దున్నే ముహూర్తం, గాలినిండా బెల్లం పాకం వాసన. మామ మంచి ఊపులో వాయిస్తూ వాయిస్తూ ఉన్నట్టుండి బూర నోట్లోంచి తీసేశాడు. డప్పులవాళ్ళు తడబడి ఆగారు. మామ కళ్ళు మూసుకుని, ఎవరో చెబుతున్నది వింటున్నట్టు మెల్లగా తల ఊపుతున్నాడు. మా పెళ్ళిళ్ళలో బ్యాండు ఆగడమంటే అపశకునం. పెళ్ళికూతురి మేనమామ కేకేశాడు: "ఏటయ్యా, బ్యాండు సచ్చిపోయిందా?" వైరు ఊడిందేమోనని నేను డబ్బా దగ్గరకి పరిగెత్తాను. వైరు బాగానే ఉంది. పందిట్లో చిన్న చప్పుడు లేదు. కానీ గాజు వెనక ముల్లు సగం దాకా లేచి ఊగుతోంది. ఊరికే వణకడం కాదు. లేస్తూ, పడుతూ, తాళం తప్పకుండా. లౌడ్‌స్పీకరులో మాత్రం ఏమీ లేదు. మామ కళ్ళు తెరిచి బూర నోట పెట్టగానే ముల్లు ఒక్కసారి కిందికి పడి, మళ్ళీ ఆయన ఊదుడికి లేచింది.

భోజనాల దగ్గర పక్కన చేరాను. "ఏటి మామా, ఆయాసమా? ఊపిరి కూడా అద్దెకిత్తాను, కొట్టుకి రా."

"ఆయాసం కాదురా. నా వంతు అయిపోయింది. అది ఆడి వంతు."

"ఎవుడి వంతు?"

"కలకత్తాలో నా పక్కన ట్రంపెట్ ఊదీవోడు. జాజంటే అంతేరా. ఒకడు మాటంటే రెండోవోడు బదులు సెప్పాల. మన వంతు అయ్యేక నోరు మూసుకుని ఇనాల."

"మరి ఆడేడీ?"

"సచ్చిపోయేడు" అని మామ పప్పులో నెయ్యి కలుపుకున్నాడు.

అక్కడ ఆగాలి. నా నోరు ఆగదు. "మామా, నువ్వు ఆపినప్పుడు నా డబ్బాలో ముల్లు ఊగింది" అన్నాను. ఆయన ఉలిక్కిపడతాడనుకున్నాను. ముద్ద మింగి, "ఎందాకా?" అన్నాడు. సగం దాకా అని చెప్పాను. "అయితే మెల్లగా ఊదుతున్నాడన్నమాట. పొద్దున్నపూట ఆడికి ఎప్పుడూ బద్దకమే."

తర్వాత నేను వైర్లు మార్చాను. డబ్బాని విశాఖపట్నం తీసుకెళ్ళి మెకానిక్కుకి చూపించాను. లోపమేమీ లేదన్నాడు. నక్కపల్లి మీటింగులోనూ, చీడికాడ పెళ్ళిలోనూ ముల్లు బుద్ధిమంతుడైన పిల్లాడిలా పడుకునేది. మామ వాయించి ఆగిన చోటనే లేచేది. "నా డబ్బాకి దెయ్యం పట్టింది, అది కూడా సంగీతం వచ్చిన దెయ్యం" అని బజారంతా చెప్పి నవ్వించాను. నేనూ నవ్వాను. కానీ కొట్టు మూసేటప్పుడు మాత్రం ఆ గాజు కిటికీని గోడవైపు తిప్పి పెట్టేవాణ్ణి.

కొన్నాళ్ళకి మామకి ఛాతీ జబ్బు చేసింది. చూడ్డానికి వెళితే మంచం మీద ఆయన, కుర్చీలో బూర. అత్త గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. మామ నా చెయ్యి పట్టుకున్నాడు. "నన్ను సాగనంపీటప్పుడు మనోళ్ళు వాయిత్తారు గదా. నా వంతు దగ్గర ఆపించరా. ఆళ్ళకి ఖాళీ అంటే బయం, తోసుకొచ్చేత్తారు. ఇన్నాళ్ళూ ఆడికి నేను సందిచ్చేను. రేపు నాకు సందెవుడిత్తాడు? నేనెక్కడ ఊదాల?" చావంటే లేని భయం ఆ మాట దగ్గర ఆయన కళ్ళలో కనబడింది. మాటిచ్చాను. అత్త చేట ఆపి నావైపు అనుమానంగా చూసింది.

ఆయన్ని సమాధుల తోటకి తీసుకెళ్ళింది మిట్టమధ్యాహ్నం. పెట్టె మోసినవాళ్ళంతా మునగపాక రైతులు, మామ వాయించగా పెళ్ళిళ్ళాడినవాళ్ళు. ముందు బ్యాండు, వెనక రిక్షా మీద బ్యాటరీతో నా డబ్బా, పాస్టరుగారి కోసం మైకు. నేను తువ్వాలు ఎత్తితే ఆగాలని బ్యాండువాళ్ళతో ఒట్టు వేయించుకున్నాను. మామ వంతు వచ్చింది. ఎత్తాను. ఆగారు. నేను లెక్కలోకి తీసుకోనిది మోసేవాళ్ళని. మా హిందువుల్లో శవాన్ని తీసుకెళుతూ దారిలో వాయిద్యం ఆపి, పాడె దించి, ప్రాణమేమైనా మిగిలుందేమోనని చెవిలో ముమ్మారు పిలుస్తారు, దింపుడు కళ్ళం అంటారు. బ్యాండు ఆగగానే వాళ్ళ భుజాలు వాటంతటవే వంగాయి. పెట్టె నేలమీదికి దిగింది. వాళ్ళలో మామ ఈడు పెద్దాయన మోకాళ్ళ మీద కూర్చుని, మూతకి నోరానించి, "బావా" అని పిలిచాడు. మళ్ళీ "బావా." పాస్టరుగారు వారించబోయి, ఎందుకో ఎత్తిన చెయ్యి అలాగే ఉంచేశారు. మూడోసారి "బావా" అన్నాక ఆకు కూడా కదల్లేదు.

ముల్లు లేచింది. సగం దాకా, బద్ధకంగా. ఊగి, పడుకుంది. హమ్మయ్య అనుకునేలోగా మళ్ళీ లేచింది. ఈసారి మెల్లగా మొదలై, కుడి చివరిదాకా పోయి, గాజుకి టిక్కుమని కొట్టుకుంది. బతికుండగా అంత బలంగా ఊదేది ఒక్కడే. ఆయన కోసమే నేను వాల్యూం తగ్గించేవాణ్ణి. ఆ టిక్కుకి రిక్షా పక్కన నడుస్తున్న అత్త తల తిప్పింది. నేను తువ్వాలు దించకముందే బ్యాండు తనంత తానే అందుకుంది.

ఇదంతా జరిగి ఇన్నేళ్ళయినా డబ్బాని అమ్మలేకపోయాను. ఊదడం ఆగినంత మాత్రాన పాట సున్నాకి పడిపోదని ఆ ముల్లు చూశాకే తెలిసింది. మామ పోయిన కొన్నాళ్ళకి అత్త ఇంట్లో ఓదార్పు ప్రార్థనకి ఆదరణ కూటం పెట్టారు. ప్రార్థన అయింది, జనం భోజనాలకి లేచారు, మామ ఖాళీ కుర్చీ ముందు నా మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. ఆ నిశ్శబ్దం నావల్ల కాలేదు. "అత్తా, ఆవేళ గతుకుల రోడ్డుకి ముల్లు ఊగుంటాది, నువ్వేటీ మనసులో పెట్టుకోకు. నేను పోయినప్పుడూ ఇలాగే ఆపించు, నాది ఎందాకా లేత్తాదో సూద్దాం" అన్నాను, నవ్వుతూనే.

అత్త నావైపు చూడలేదు. డబ్బావైపే చూస్తూ, వేలు పెదవుల మీద పెట్టుకుని అంది: "నీకెందుకురా ఆపడం, బతికినన్నాళ్ళూ ఎవుడికైనా సందిచ్చేవా? ఇప్పుడైనా నోరు ముయ్యి. మీ మామ వంతు వచ్చింది."